తాతయ్య జాబు: నలభై ఎనిమిది మలుపులు

చిరంజీవులారా!

మీ జాబులు చాలా అందినవి. అన్నిటికీ విడివిడిగా జవాబు రాయలేకపోయినా అన్నీ చదివాను. కొన్నిటిని రెండేసిసార్లు చదివాను. అట్లా రెండుసార్లు చదివిన వాటిలో, నెల్లూరులో ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అబ్బాయి రాసిన జాబు ఒకటి. అతను ఇట్లా అడిగాడు:

"తాతయ్యా! స్పోర్ట్స్ కారు గంటకు 200 కిలోమీటర్లకు పైన పోతుంది గదా! అటువంటి కారు వున్నవాళ్ళు శని ఆదివారాల్లో కొండమీదికి షికారు పోవటానికి ముందుగా లెక్కలు వేసుకోవటం దేనికి? ఎక్కి కూర్చుని పోతే సరిపోదా? మా నాన్న మాత్రం, కారు ఎంత గొప్పదైతే లెక్క అంత గట్టిగా వుండాలి అంటారు. ఎవరి మాట నిజం?"

బాబూ, మీ నాన్నగారి మాటే నిజం. కాని ఊరికే నిజమంటే నువ్వు ఒప్పుకోవు గనక, జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఇందులో పొరపాటు చేసినవాడు పరాయివాడు కాడు, మా అబ్బాయే. వాణ్ణి అడిగి, వాడు సరేనన్న తరవాతే రాస్తున్నాను.

మా అబ్బాయి జర్మనీ దేశంలో, మ్యూనిక్ నగరంలో ఇంజనీరు. చిన్నతనంలో అగ్గిపెట్టెకు సోడామూతలు చక్రాలుగా తగిలించి ఇల్లంతా తిప్పేవాడు. పెద్దవాడయినా ఆ సరదా పోలేదు. రెండేళ్ళు డబ్బు కూడబెట్టి, ఒకరు వాడిన ఎర్రని స్పోర్ట్స్ కారు కొన్నాడు. దానికి రెండే సీట్లు. పైకప్పు వెనక్కి మడిచెయ్యవచ్చు. డిక్కీలో ఒక సంచీ పెడితే రెండో సంచీకి చోటుండదు. నేలకూ కారు అడుగుకూ మధ్య జానెడు ఎత్తు కూడా లేదు.

స్పోర్ట్స్ కారంటే ఊరికే వేగంగా పరుగెత్తే కారని చాలామంది అనుకుంటారు. దాని గొప్పతనం అసలు మలుపులో తెలుస్తుంది. బరువంతా నేలకు దగ్గిరగా వుంటుంది గనక అది మలుపులో పక్కకు ఒరగదు. టైర్లు వెడల్పుగా వుంటాయి గనక రోడ్డును బాగా పట్టుకుంటాయి. స్టీరింగు వేలెడు తిప్పితే కారు వెంటనే మాట వింటుంది. అందుకే అటువంటి కారు కొన్నవాడికి తిన్నని రోడ్డుమీద తృప్తి వుండదు. వంకరటింకర కొండదారి కావాలి.

మా వాడి కన్ను ఇటలీలోని స్టెల్వియో కనుమ మీద పడింది. కనుమ అంటే తెలుసు గదా, రెండు కొండల నడుమ దాటటానికి వీలైన చోటు. ఈ కనుమ ఆల్ప్స్ పర్వతాలలో 2757 మీటర్ల ఎత్తున వున్నది. 2024 సెప్టెంబరులో నేను మ్యూనిక్ వెళ్ళినప్పుడు ఈ ప్రయాణం కుదిరింది. శనివారం బయలుదేరటం, ఆదివారం ఉదయం కొండ ఎక్కి దిగటం, రాత్రికి ఇల్లు చేరటం. ఎర్రకారులో మా అబ్బాయీ, పదమూడేళ్ళ మా మనవరాలూ. వెనక ఇంటి కారులో మా కోడలూ, నేనూ.

ప్రయాణానికి ఏర్పాట్లు ఎవరు చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. "నేను చేస్తాను" అన్నది మనవరాలు.

"సరే, చెయ్యి. ఆ రెండురోజులూ నువ్వే మా అధికారివి" అన్నాడు వాళ్ళ నాన్న నవ్వుతూ.

అమ్మాయి నవ్వలేదు. ఒక నోటుపుస్తకం తెచ్చి, పది రోజులు కూర్చుని రాసింది. అది చూసి నాకే ఆశ్చర్యం వేసింది. ఆ పుస్తకంలో వున్నవి క్లుప్తంగా చెబుతాను.

మొదటిది దారి. మ్యూనిక్ నుంచి ఆస్ట్రియా మీదుగా, రెషెన్ కనుమ దాటి, ప్రాడ్ అనే ఊరు చేరాలి. అక్కడికి సుమారు 250 కిలోమీటర్లు. రాత్రి అక్కడ బస. పెట్రోలు టాంకు ప్రాడ్‌లోనే నింపాలి. కొండమీద చూసుకుందాం అనకూడదు.

రెండోది వేళ. ఆదివారం ఉదయం 7 గంటలకు ఎక్కటం మొదలుపెట్టాలి. పొద్దెక్కితే సైకిళ్ళూ, మోటారు సైకిళ్ళూ, బస్సులూ కిక్కిరిసిపోతాయి. పైన గంటసేపు మాత్రమే వుండాలి.

మూడోది వాతావరణం. ఆ రోడ్డు చలికాలమంతా మంచుతో మూసివుంటుంది. తెరిచివుండే నెలల్లో కూడా పైన ఒక్కొక్కప్పుడు మంచు పడుతుంది. కాబట్టి ముందురోజు రాత్రీ, ఆ రోజు తెల్లవారుజామునా వాతావరణం చూడాలి. మంచు పడితే ఎక్కకూడదు. ప్రాడ్‌లోనే తిరిగి, ఇంటికి వచ్చెయ్యాలి.

నాలుగోది బండి. టైర్లలో గాలి, టైర్ల అరుగుదల, ఇంజను చల్లబరిచే నీరు, బ్రేకుల అరుగుదల, బ్రేకు ఆయిల్. ఈ అయిదూ నాన్న చూడాలి. ఒక్కొక్కదాని పక్కన చిన్న గడి గీసివున్నది. చూసినదాని గడిలో టిక్కు పెట్టాలి.

అయిదోది దిగటం. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. 48 మలుపులు గనక, పన్నెండేసి మలుపులకు ఒకసారి ఆగి బ్రేకులను చల్లారనివ్వాలి.

ఆరోది అందరికీ నియమం. కారులో ఎవరు "ఆపు" అన్నా, తరవాత వచ్చే విశాలమైన చోట ఆపాలి. ఎందుకని అడగటం ఆపిన తరవాతే.

చివర మూడు సంతకాలు. వాళ్ళ నాన్నదీ, వాళ్ళ అమ్మదీ, నాదీ.

శుక్రవారం రాత్రి మా అబ్బాయి ఆఫీసునుంచి ఆలస్యంగా వచ్చాడు. పుస్తకం తీసుకుని అయిదు గడుల్లోనూ టిక్కులు పెట్టి సంతకం చేశాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని పని పడుతుంది.

శనివారం ప్రయాణం హాయిగా జరిగింది. రెషెన్ కనుమ దగ్గిర ఒక పెద్ద సరస్సు వున్నది. సరస్సు నీళ్ళలోనుంచి ఒక గంటస్తంభం లేచి నిలబడివున్నది! అది 14వ శతాబ్దం నాటి చర్చిది. 1950లో అక్కడ ఆనకట్టవల్ల నీరు నిలిచి గ్రావున్ అనే ఊరు మునిగిపోయింది. చర్చిని తీసేశారు గాని స్తంభాన్ని వుంచారు. మనవరాలు చాలాసేపు దానివైపే చూసి, "తాతయ్యా, ఆ ఊళ్ళో పిల్లలు ఏ బడికి వెళ్ళారో!" అన్నది. ఆ ప్రశ్నకు నా దగ్గిర జవాబు లేదు.

ఆదివారం ఆకాశం శుభ్రంగా వున్నది. సరిగా 7 గంటలకు ఎక్కటం మొదలుపెట్టాం.

పిల్లలూ, ఈ దారి సంగతి కొంచెం చెబుతాను. 1820 నుంచి 1825 వరకు దీన్ని వేశారు. అప్పుడు కనుమకు రెండువైపుల దేశమూ ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో వున్నది. టిరోల్ నుంచి లొంబార్డీకి సైన్యమూ, టపా బళ్ళూ పోవటానికి ఆయనకు దారి కావలసివచ్చింది. కార్లో డొనెగాని అనే ఇంజనీరు దీన్ని రూపొందించాడు. అప్పటికి మోటారు కార్లు లేవు, గుర్రబ్బళ్ళే. గుర్రం నిచ్చెన ఎక్కలేదు గదా! అందుకని డొనెగాని కొండ గోడమీద దారిని ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ మడతలు వేశాడు. మేడమీదికి నిచ్చెన వేస్తే తక్కువ దూరం, కాని నిలువు. అదే మెట్లయితే దూరం ఎక్కువ, కాని కాలు నొయ్యదు. ప్రాడ్ సుమారు 915 మీటర్ల ఎత్తున వుంటే కనుమ 2757 మీటర్ల ఎత్తున వున్నది. అంటే 1842 మీటర్లు ఎక్కాలి. దాన్ని దాదాపు 24 కిలోమీటర్ల పొడవున పరిచాడు. తలపిన్నులాగా వెనక్కి తిరిగే మలుపులు 48. ప్రతిదానికీ అంకె వుంటుంది. అడుగున వున్నది 48, శిఖరం దగ్గిరది 1. కాబట్టి ఎక్కేవాడికి అంకెలు తగ్గుతూ వస్తాయి, దిగేవాడికి పెరుగుతాయి. గుర్రాలకోసం వేసిన ఈ దారిమీదనే 1953లో ఇటలీ సైకిలు పందెం మొదటిసారి నడిచింది. ఆ పందెంలో ఫౌస్టో కొప్పి అనే మహావీరుడు ఈ కొండమీదే అందరినీ వెనక వేసి గెలుపు సంపాదించాడు.

ఎక్కేటప్పుడు మా అబ్బాయి బుద్ధిగా నడిపాడు. మనవరాలి పని పైకి చూస్తూ వుండటం. ఆ దారిలో పైన రాబోయే రెండు మూడు మడతలు కూడా కనపడతాయి. "నాన్నా, పైన బస్సు!" అని ఆ పిల్ల ముందే చెప్పేది. పెద్ద బస్సు మలుపు తిరగాలంటే రోడ్డంతా కావాలి. వీళ్ళు కిందనే ఆగి దానికి చోటిచ్చేవాళ్ళు. ఇరుకైన చోట మామూలుగా ఎక్కే బండిదే ముందు హక్కు, దిగేవాడు ఆగాలి. మన దేశంలో కూడా ఘాట్ రోడ్డు నియమం ఇదే. అయినా బస్సును వెనక్కి పొమ్మనటం కంటే చిన్న కారు ఆగటం మర్యాద గదా!

పైకి పోయినకొద్దీ ఎర్రకారు కొంచెం ఆయాసపడింది. ఎందుకంటే 2757 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరంలో వున్నదానిలో మూడు వంతులకన్న తక్కువ. పెట్రోలు మండటానికి గాలి కావాలి. గాలి పలచబడితే ఇంజను బలం తగ్గుతుంది. టర్బో అనే పరికరం వున్న ఇంజను గాలిని నొక్కి లోపలికి పంపుకుంటుంది గాని, మా వాడి కారుకు అది లేదు. చలి కూడా పెరిగింది. కిలోమీటరు ఎత్తుకు ఆరేడు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. ప్రాడ్‌లో చొక్కాతో వున్నవాళ్ళం పైన ఉన్నికోట్లు తొడుక్కున్నాం.

శిఖరం మీద దుకాణాలూ, హోటళ్ళూ వున్నాయి. ఎదురుగా 3905 మీటర్ల ఓర్ట్లర్ శిఖరం తెల్లగా మెరుస్తున్నది. కిందికి చూస్తే, మేము వచ్చిన దారి ఎవరో కొండమీద రిబ్బను పారేసినట్టు వున్నది. అందరం ఫ్లాస్కులోని టీ తాగాం. మనవరాలు గడియారం చూసి, "గంట అయింది, లేవండి" అన్నది.

ఇంతవరకూ అంతా పుస్తకం ప్రకారమే జరిగింది. కష్టం దిగేటప్పుడు వచ్చింది.

మేము బయలుదేరే సమయానికి నాలుగయిదు స్పోర్ట్స్ కార్లు గుంపుగా మమ్మల్ని దాటి కిందికి దిగాయి. వాటి మోత కొండంతా మారుమోగింది. మా అబ్బాయి ముఖం చూశాను. అగ్గిపెట్టెబండి తిప్పే పిల్లవాడి ముఖం అది! వాడు వాటి వెనక పడ్డాడు. తిన్నని చోట వేగం పెంచటం, మలుపు దగ్గిర బ్రేకు నొక్కటం, మళ్ళీ పెంచటం, మళ్ళీ నొక్కటం.

వెనక కారులో మాకు రెండు విషయాలు కనపడ్డాయి. ఒకటి, పన్నెండో మలుపు దగ్గిర వాడు ఆగలేదు. రెండోది మా కోడలు చూసింది.

"మామయ్యగారూ, ఆ ఎర్రదీపాలు చూశారా? ఆరటం లేదు" అన్నది.

కారు వెనక ఎర్రదీపాలు బ్రేకు నొక్కినప్పుడు వెలుగుతాయి. కొండ దిగేటప్పుడు అవి అప్పుడప్పుడు వెలిగి ఆరిపోతూ వుండాలి. ఆరకుండా వెలుగుతున్నాయంటే బ్రేకు విడవకుండా కాలుతున్నదన్నమాట. మేము కూడా పన్నెండో మలుపు దగ్గిర ఆగకుండా వాళ్ళ వెనకే పోయాం.

ముందు కారులో ఏం జరిగిందో తరవాత మనవరాలు చెప్పింది. పదిహేడో మలుపు దగ్గిర ఆ పిల్లకు మాడిన గుడ్డ వాసన వంటిది తగిలింది.

"నాన్నా, ఆపు" అన్నది.

"ఇంకొక నాలుగు మలుపులు పోనీ, కింద విశాలంగా వుంటుంది" అన్నాడు తండ్రి.

"పుస్తకంలో ఆరో నియమం. సంతకం నీదే" అన్నది పిల్ల.

కోప్పడలేదు, ఏడవలేదు, ఆ రెండు మాటలే అన్నది. వాడికి సిగ్గు వేసి బ్రేకు నొక్కాడు. ఎప్పుడూ గట్టిగా వుండే పెడల్, దూదిమీద కాలు పెట్టినట్టు లోపలికి దిగిపోయింది. కారు తగినంత ఆగలేదు. ఎదర పద్దెనిమిదో మలుపు. మలుపు అవతల రాతిగోడ, గోడ అవతల లోయ.

మా వాడు అప్పుడు చేసినవి మాత్రం సరిగా చేశాడు. పెడల్‌ను గబగబా నాలుగుసార్లు తొక్కి వదిలాడు. గేరు రెండుకు దించాడు. చేతిబ్రేకు కొద్ది కొద్దిగా లాగాడు. ఇంజను పెద్దగా అరిచి కారును వెనక్కి పట్టింది. మలుపు నెమ్మదిగా తిరిగి, పక్కన వున్న కంకర చోటులో కారు ఆగింది. మేము వెనక ఆగి పరుగెత్తాం. చక్రాల దగ్గిరనుంచి సన్నగా పొగ వస్తున్నది. మా అబ్బాయి రెండు చేతులూ స్టీరింగుమీద పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. ఆ పక్కన మనవరాలు పుస్తకం గుండెకు హత్తుకుని వున్నది. వాళ్ళ అమ్మ తలుపు తీసి పిల్లను దగ్గిరకు తీసుకున్నది. కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు.

పిల్లలూ, ఆ బ్రేకు ఎందుకు మెత్తబడింది? ఇక్కడే విజ్ఞానం వున్నది.

కొండ ఎక్కిన బండి లోపల, పైకెత్తిన రాయిలో వున్నట్టే, శక్తి దాగి వుంటుంది. దిగేటప్పుడు ఆ శక్తి ఎక్కడికో పోవాలి. మనుషులతో కలిపి ఆ కారు బరువు 1200 కిలోలనుకోండి. 1842 మీటర్లు దిగితే బయటికి వచ్చే శక్తితో 60 లీటర్లకు పైన చన్నీళ్ళను మరిగేదాకా కాచవచ్చు! నాలుగు బక్కెట్ల మరిగే నీళ్ళన్నమాట. అందులో కొంత గాలికి పోతుంది. బండిని చిన్న గేరులో వుంచితే, చక్రాలు ఇంజనును తిప్పవలసి వస్తుంది. ఇంజను తిరగనని మొండికేస్తుంది. అట్లా చాలా శక్తి ఇంజనులో ఖర్చవుతుంది. పెద్ద గేరులో పెట్టి బ్రేకుతోనే ఆపుకుంటూ వస్తే ఆ వేడి చాలావరకు నాలుగు చక్రాల దగ్గిర వున్న బ్రేకుల మీదనే పడుతుంది.

ఇక బ్రేకు ఆయిల్. మనం పెడల్ నొక్కితే ఆ ఒత్తిడిని చక్రాల దాకా మోసుకుపోయేది సన్నని గొట్టాల్లో వుండే ఈ ద్రవమే. దీనికొక చెడ్డ గుణం వున్నది. ఏళ్ళు గడిచినకొద్దీ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. సాధారణంగా వాడే డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా వున్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. చెమ్మ పట్టిన తరవాత ఆ ప్రమాణం 155 డిగ్రీలే. వేడెక్కిన బ్రేకు దగ్గిర అది మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే మన కాలి బలమంతా బుడగలను నలపటంలోనే పోయి, చక్రం దాకా చేరదు. పెడల్ దూదిలాగా అయిపోతుంది.

మరి వేగం సంగతి? అది ఇంకా మోసకారి. మలుపులో వేగాన్ని రెట్టింపు చేస్తే టైర్లమీద పడే భారం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. 10 మీటర్ల వ్యాసార్థం వున్న మలుపును గంటకు 20 కిలోమీటర్లతో తిరగటం తేలిక. అదే 40తో తిరగాలంటే టైర్లు బండి బరువుకు మించిన బలంతో రోడ్డును పట్టుకోవాలి. మామూలు టైర్లకు పొడిరోడ్డుమీద కూడా అది చేతకాదు. తడి అయితే అడగనే అక్కరలేదు. కారు ధర ఎంతయినా ఈ లెక్క మారదు.

గంటసేపు చల్లారిన తరవాత పెడల్ మళ్ళీ గట్టిపడింది. చల్లబడగానే ఆవిరి మళ్ళీ ద్రవం అవుతుంది గదా! "ఇప్పుడు బాగానే వున్నది, మెల్లిగా దించుదామా?" అని మా అబ్బాయి అననైతే అన్నాడు. కాని తనే మళ్ళీ తల అడ్డంగా తిప్పి, బండ్లను మోసుకుపోయే లారీకి ఫోను చేశాడు. అంత ముచ్చటపడి కొన్న ఎర్రకారు లారీ వీపున ఎక్కి కొండ దిగింది. మేము నలుగురం ఇంటికారులో దిగాం. మా కోడలు రెండో గేరులో పెట్టి, ఇరవైనాలుగో మలుపు దగ్గిర ఆగింది, ముప్ఫైయ్యారో మలుపు దగ్గిర ఆగింది. మనవరాలు అంకెలు లెక్కపెడుతూ 48 అనగానే అందరం ఊపిరి వదిలాం.

మ్యూనిక్ చేరిన తరవాత మెకానిక్ చూసి చెప్పాడు. బ్రేకు ఆయిల్ పాతది, బాగా చెమ్మ పట్టిపోయింది, ఎప్పుడో మార్చవలసింది.

ఆ రాత్రి మా అబ్బాయి నోటుపుస్తకం అడిగి తీసుకున్నాడు. నాలుగో పేజీ తెరిచాడు. బ్రేకు ఆయిల్ పక్కన గడిలో టిక్కు వున్నది. శుక్రవారం రాత్రి, మూత తీసి చూడకుండా పెట్టిన టిక్కు. వాడు దాన్ని కొట్టేసి, పక్కన "నేను చూడలేదు" అని రాసి సంతకం పెట్టాడు.

"అమ్మా, తప్పు నాది. నువ్వు వేసిన లెక్కలో తప్పులేదు, నేను అబద్ధపు టిక్కు పెట్టాను" అన్నాడు కూతురితో.

మనవరాలు కాసేపు ఆలోచించింది. తరవాత కలం తీసుకుని ఆ వరస కింద ఇంకొక ఖాళీ గడి గీసింది. "కొత్త ఆయిల్ పోయించిన తరవాత దీంట్లో పెట్టు నాన్నా. ఈసారి నేను కూడా వచ్చి చూస్తాను" అన్నది.

తండ్రీ కూతుళ్ళు ఆ వారమే మెకానిక్ దగ్గిరికి వెళ్ళి వచ్చారు. ఆ గడిలో ఇప్పుడు రెండు టిక్కులున్నాయి.

నెల్లూరు అబ్బాయీ, ఇదీ నీ ప్రశ్నకు జవాబు. ఎక్కటానికి ఇంజను చాలు. దిగటానికి లెక్క కావాలి. లెక్క ఒక్కటే కూడా చాలదు, అందులో పెట్టిన ప్రతి టిక్కూ నిజమై వుండాలి. కాగితంమీద వున్న బ్రేకు కారును ఆపదు.

ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. మీలో చాలామంది తిరుమల వెళ్ళి వుంటారు. అక్కడ మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఇప్పుడు బళ్ళు రెండోదాన ఎక్కి, మొదటిదాన దిగుతాయి. ఎక్కటానికి కనీసం 28 నిమిషాలు, దిగటానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని అక్కడ నియమం పెట్టారు. అంతకన్న ముందుగా కిందికి చేరితే శభాష్ అనరు, జరిమానా వేస్తారు! ఎక్కేదానికంటే దిగేదానికి ఎందుకు ఎక్కువ సమయం ఇచ్చారో ఇప్పుడు మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక ఈ నెల మీరు చెయ్యవలసిన పనులు మూడు.

ఒకటి, ప్రయోగం. సూది లేని కొత్త సిరంజి ఒకటి పెద్దవాళ్ళనడిగి తీసుకోండి. దాన్నిండా నీళ్ళు పట్టి, బుడగ లేకుండా చేసి, మూతి వేలితో గట్టిగా మూసి నొక్కండి. నలగదు. ఇప్పుడు సగం నీళ్ళూ సగం గాలీ వుంచి నొక్కండి. ఏమయిందో చూస్తే, ఆ ఎర్రకారు పెడల్ ఎందుకు దిగిపోయిందో మీ వేలికే తెలుస్తుంది.

రెండు, లెక్క. 24 కిలోమీటర్ల దారిలో 1842 మీటర్లు ఎక్కితే, ప్రతి 100 మీటర్లకూ ఎంత ఎత్తు ఎక్కినట్టు? జవాబు వచ్చే నెల.

మూడు, ఇది మీ అమ్మా నాన్నలకు కూడా. ఈసారి మీ ఇంట్లో ఏ ప్రయాణం తలపెట్టినా, కారు కానివ్వండి, మోటారు సైకిలు కానివ్వండి, ఏర్పాట్లు రాసే పుస్తకం పిల్లల చేతికి ఇవ్వండి. అందులో ఆరో నియమం తప్పకుండా రాయించండి. ఎవరు ఆపమన్నా ఆపాలి, ఎందుకని అడగటం ఆపిన తరవాతే. కింద అందరూ సంతకాలు పెట్టండి.

మీ పుస్తకంలో ఏమేమి రాశారో నాకు జాబు రాస్తారు గదూ?

ఆశీస్సులతో,
మీ తాతయ్య